డబ్బు వేసేటప్పుడు అడగరు... తీసేటప్పుడు వదలరు!

ఆన్‌లైన్ క్యాసినోల బోనస్ వెనుక గుర్తింపు పత్రాల మెలిక

పలాస-కాశీబుగ్గ: ఉద్దానానికి పేకాట కొత్త కాదు. కొబ్బరితోటలోనో, జీడితోటలోనో గోనెపట్టా పరిచి నలుగురు కూర్చుంటే ‘లోపల-బయట’ మొదలయ్యేది. అక్కడ ఎవరి పేరూ ఎవరూ అడిగేవారు కాదు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకునే పని పోలీసులది. అదీ దాడి జరిగిన రోజునే. ఇప్పుడు తోటతో పని లేకుండా పోయింది. ఆట సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. దానితోపాటు పేర్లు రాసుకునే పనిని పందెం నడిపేవాడే చేపట్టాడు. అతడికి పేరొక్కటే చాలదు. ఆధార్ కార్డు రెండు వైపులా కావాలి. పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, కరెంటు బిల్లు, చివరికి ఆధార్‌ను ముఖం పక్కన పట్టుకుని దిగిన ఫొటో సైతం పంపాలి.

ఇన్ని పత్రాలు అడగడం తప్పా అంటే, సూత్రరీత్యా తప్పు కాదు. నల్లధనం చలామణిని అరికట్టేందుకు ఏర్పడిన అంతర్జాతీయ ఆర్థిక కార్యాచరణ బృందం (ఎఫ్‌ఏటీఎఫ్) క్యాసినోలు తమ ఖాతాదారులను గుర్తించాలని ఏనాడో సిఫారసు చేసింది. 3,000 డాలర్లు, ఆపైన లావాదేవీ జరిగితే ఆ వ్యక్తి ఎవరో తేల్చుకోవాలన్నది అందులోని ప్రమాణం. మన దేశంలో 2002 నాటి నల్లధన నిరోధక చట్టం కూడా క్యాసినోలను తన పరిధిలోకి తెచ్చింది. కాబట్టి పత్రాలు అడగటంలో వింత లేదు. ఎప్పుడు అడుగుతున్నారన్నదే ఇక్కడ చూడవలసిన సంగతి.

చేర్చుకునేటప్పుడు ఫోన్ నంబరు చాలు

ఈ వ్యవహారం నడిచే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. వాట్సప్‌కో, టెలిగ్రామ్‌కో ఒక లింకు వస్తుంది. ఫోన్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ నమోదు చేస్తే ఖాతా సిద్ధమవుతుంది. వెయ్యి రూపాయలు వేస్తే మరో వెయ్యి బోనస్ కలిపి తెర మీద రెండు వేలు చూపిస్తారు. మీరెవరు, వయసెంత, ఏ రాష్ట్రం అన్న ప్రశ్న ఆ క్షణంలో ఉండదు. పదో తరగతి కుర్రాడు తల్లి ఫోన్‌తో ఆడినా తలుపు తెరుచుకుంటుంది.

ఆ రెండు వేలు మాత్రం వెంటనే చేతికి రావు. బోనస్ మొత్తానికి ఇన్ని రెట్లు పందెం కాయాలన్న షరతు ఉంటుంది. సాధారణంగా కనిపించేది 35 రెట్లు. వెయ్యి రూపాయల బోనస్‌కు 35 వేల రూపాయల పందేలు కాయాలన్న మాట. తిరిగే బొమ్మల ఆటలో వందకు సగటున 96 రూపాయలు తిరిగి వస్తాయని నిర్వాహకులే చెప్పుకొంటారు. ఆ లెక్కే నిజమనుకున్నా 35 వేలకు నాలుగు శాతం చొప్పున 1,400 రూపాయలు పోతాయి. ఉన్న రెండు వేలలో మిగిలేది 600. వేసిన సొంత సొమ్ములోనే 400 కరిగిపోయింది. కొన్నిచోట్ల బోనస్‌కు, వేసిన సొమ్ముకు కలిపి 35 రెట్లు అంటారు. అప్పుడు 70 వేల పందెం, 2,800 నష్టం. ఉన్నదే రెండు వేలు కదా! ఇక పేక ముక్కల ఆటలు, రౌలెట్ ఆడితే పందెంలో పదో వంతే లెక్కలోకి తీసుకునే షరతు కూడా సర్వసాధారణం. వంద కాస్తే పది రూపాయలు కాసినట్టు. ఇవన్నీ ఆంగ్లంలో, చిన్న అక్షరాలలో, నిబంధనల పుటలో ఎక్కడో అడుగున ఉంటాయి. జీడిపిక్కల బస్తా 80 కిలోలా కాదా అని కాటా దగ్గర నిలబడి చూసుకునే మన రైతు కొడుకు ఆ పుట తెరవనైనా తెరవడు.

ఇదంతా దాటి, సగటుకు భిన్నంగా అదృష్టం కలిసొచ్చి, ఖాతాలో పాతిక వేలు కనిపించాయనుకుందాం. తీసుకోబోతే అప్పుడు మొదలవుతుంది తనిఖీ.

ఇంటి పేరు దగ్గరే చిక్కు

మొదటి మెలిక పేరు. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటి పేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, అదీ చివర కాదు ముందు. పాన్ కార్డులో వెనక్కి వెళుతుంది. బ్యాంకు వారు మరో రకంగా రాసుకుంటారు. ‘రావు’ను ఒకచోట విడిగా, మరోచోట కలిపి రాస్తారు. తెలుగువారికి ఇది నిత్యం ఎదురయ్యేదే. బ్యాంకులో అయితే మేనేజరు చూసి సర్దుబాటు చేస్తారు. ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న క్యాసినో ఉద్యోగికి ఇంటి పేరు ముందుండే సంప్రదాయం తెలియదు. తెలిసినా తెలియనట్టే ఉంటాడు. ‘పేర్లు కలవలేదు, తిరస్కరించాం’ అన్న జవాబు వస్తుంది.

రెండోది చిరునామా. మూడు నెలలలోపు కరెంటు బిల్లు పంపమంటారు. పల్లెల్లో మీటరు తండ్రి పేరిటో, చనిపోయిన తాత పేరిటో ఉండటం మామూలే. అదీ చెల్లదు. మూడోది డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందన్నది. తల్లి ఫోన్‌పేతోనో, స్నేహితుని గూగుల్‌పేతోనో వేసి ఉంటే ‘ఇతరుల ఖాతా వాడారు’ అని ఆపేస్తారు. నాలుగోది మరీ విడ్డూరం. ఒక ఇంటికి, ఒక ఫోన్‌కు, ఒక ఇంటర్నెట్ చిరునామాకు ఒకటే బోనస్ అన్నది షరతు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటి వైఫైతో ఆడితే ‘బోనస్ దుర్వినియోగం’ కింద ఇద్దరి ఖాతాలూ మూస్తారు. ఉన్న సొమ్ము జప్తు చేసుకుంటారు.

ఒక్కో తిరస్కరణకు, మరో పత్రం కోరడానికి మధ్య రోజులు గడుస్తాయి. ఈలోగా సొమ్ము ఖాతాలోనే ఊరిస్తూ ఉంటుంది. ‘తీసుకోవడం రద్దు చేసి మళ్లీ ఆడండి’ అన్న మీట మాత్రం ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది! ఆ ఆలస్యంలో పాతిక వేలు మళ్లీ పందెంలోకే పోతే నిర్వాహకుడికి ఇక పత్రాలతో పనే ఉండదు.

ఈ ఎత్తుగడ మనకొక్కరికే కాదు, జూదం చట్టబద్ధమైన బ్రిటన్‌లోనూ నడిచింది. గెలిచిన సొమ్ము అడిగినప్పుడే పత్రాలు అడుగుతున్నారని అక్కడి జనం ఫిర్యాదు చేశారు. దాంతో జూద నియంత్రణ కమిషన్ 2019 మే 7 నుంచి కొత్త నిబంధన తెచ్చింది. వయసు, పేరు, చిరునామా సరిచూసిన తర్వాతే పందెం ఆడనివ్వాలి. ముందే అడిగి ఉండగలిగిన పత్రం కోసం సొమ్ము చెల్లింపు ఆపరాదు. బోనస్‌పై పందెం షరతు పది రెట్లు మించరాదని కూడా 2026 జనవరి నుంచి అక్కడ పరిమితి పెట్టారు. అక్కడ పదికి కుదించిన షరతే మన ఫోన్‌లలో 35 రెట్లుగా దర్శనమిస్తోంది.

మన ఆధారే మనకు ఎదురు సాక్ష్యం

మన రాష్ట్రంలో సంగతి ఇంకా చిత్రమైనది. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని చెప్పింది. ఆ మాటను ఆసరా చేసుకునే దశాబ్దాల తర్వాత రమ్మీ యాప్‌లు పుట్టుకొచ్చాయి. తెలంగాణ 2017లోనే వాటిపై నిషేధం విధించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నిర్వాహకులకు తొలిసారి ఏడాది వరకు, ఆడేవారికి ఆరు నెలల వరకు జైలు అన్నది ఆ సవరణ సారాంశం. ఆ మరుసటి నెలలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 132 వెబ్‌సైట్లు, యాప్‌లను నిలిపివేయాలని కేంద్రానికి లేఖ రాశారు.

నాటి నుంచి దేశీయ కంపెనీలు ఆంధ్రప్రదేశ్ వాసులను అనుమతించబోమని తమ షరతులలో రాసుకున్నాయి. ఫోన్ ఉన్న చోటును బట్టి ఆట ఆగిపోయేది. మనవాళ్లు ఊరుకుంటారా? ఫోన్ మరో రాష్ట్రంలో ఉన్నట్టు భ్రమింపజేసే యాప్‌లు వేసుకున్నారు. ఆట సాగింది, డబ్బూ వెళ్లింది. గెలిచి, ఆధార్ పంపాక మాత్రం అందులో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. నువ్వెవరో రుజువు చేసే కార్డే నీకు ఆడే అర్హత లేదని కూడా రుజువు చేసిందన్న మాట! పలాస స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్‌కో, చెన్నైకో వలస పోయినవారి ఆధార్‌లోనూ సొంత ఊరి చిరునామాయే ఉంటుంది. వారిదీ అదే పరిస్థితి.

ఆ అధ్యాయం ఇప్పుడు ముగిసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, దేశమంతటా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. చెల్లింపులకు తోడ్పడే సంస్థలకూ శిక్ష ఉంది. ఆడేవారిని ఆ చట్టం నేరస్థులుగా కాక బాధితులుగా చూసింది. ఆ వారంలోనే పేరున్న దేశీయ కంపెనీలు డబ్బు ఆటలు నిలిపేశాయి. చట్టాన్ని సవాలు చేస్తూ వ్యాజ్యాలు దాఖలు కావడం, వాటిని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన వద్దకు బదిలీ చేసుకోవడం పాఠకులకు విదితమే.

దీంతో ఫోన్‌లలో మిగిలింది విదేశీ క్యాసినోలే. కరీబియన్ సముద్రంలోని కురసావో వంటి చిన్న ద్వీపాల లైసెన్సు చూపించి ఇవి నడుస్తాయి. చాలావాటికి అదీ ఉండదు. మన చట్టానికి వెలుపల ఉన్న నిర్వాహకుడు మన ప్రభుత్వం ఇచ్చిన కార్డు అడుగుతున్నాడు. పైగా ఆధార్ సంస్థ దగ్గర వివరాలు సరిచూసుకునే అనుమతి అతడికి లేదు. బొమ్మ తీసుకుని దాచుకుంటాడు, అంతే. దేశంలోని ప్రైవేటు సంస్థలే ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన విషయం ఇక్కడ గమనార్హం.

ఖాతా స్తంభిస్తే...

ఈ విలేకరిని అన్నింటికన్నా ఎక్కువగా కలవరపరిచేది దీని తర్వాతి భాగం. పందెంలో పోయిన వెయ్యి, రెండు వేలు పోయినట్టే. పంపిన పత్రాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి.

విదేశీ క్యాసినోకు మన రూపాయి నేరుగా వెళ్లదు. జూదం, లాటరీల కోసం విదేశాలకు సొమ్ము పంపడాన్ని విదేశీ మారకద్రవ్య నిబంధనలు 2000 సంవత్సరం నుంచే నిషేధించాయి. అందుకే డబ్బు వేయమన్నప్పుడు క్యాసినో పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరో, ఊరూపేరూ తెలియని దుకాణం పేరో యూపీఐలో కనిపిస్తుంది. ఈరోజు ఒక పేరు, రేపు మరొకటి. ఇవి అద్దె ఖాతాలు. ఇతరుల గుర్తింపు పత్రాలతో తెరిచినవీ, కొద్దిపాటి సొమ్ముకు ఆశపడి ఖాతాదారులే అప్పగించినవీ. దుబాయ్ నుంచి నడిచిన మహదేవ్ బెట్టింగ్ యాప్ కేసులో ఇలాంటి బినామీ ఖాతాల యంత్రాంగాన్నే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2023లో బయటపెట్టింది. ఆధార్ రెండు వైపులా, పాన్, కార్డు పట్టుకున్న ఫొటో ఒక్కచోట దొరికితే కొత్త సిమ్‌కో, కొత్త ఖాతాకో, అప్పు ఇచ్చే యాప్‌కో ముడిసరుకు సిద్ధంగా ఉన్నట్టే.

మరో ప్రమాదం గెలిచినవారికే. క్యాసినో చెల్లించే సొమ్ము కూడా అటువంటి అద్దె ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతాలో మరో రాష్ట్రంలో ఎవరినో మోసగించి కాజేసిన సొమ్ము కలిసి ఉండవచ్చు. ఆ బాధితుడు 1930కు ఫోన్ చేస్తే సొమ్ము ఏ ఏ ఖాతాలకు పాకిందో పోలీసులు, బ్యాంకులు వరుసగా చూసుకుంటూ వస్తారు. ఆ వరుసలో వజ్రపుకొత్తూరు తీరంలోని ఒక మత్స్యకారుని ఖాతా తగిలితే అదీ స్తంభిస్తుంది. తాను ఏ రాష్ట్రంలో నిందితుల వరుసలోకి చేరాడో కూడా అతడికి తెలియదు. బ్యాంకుకు వెళితే ఫలానా రాష్ట్రంలోని ఫలానా పోలీస్ స్టేషన్‌ను సంప్రదించమంటారు.

స్తంభించేది పందెం ఖాతా కాదు, ఇంటి ఖాతా. ఉద్దానంలో ఒక కుటుంబానికి ఉండేది తరచూ ఆ ఒక్కటే. ఉపాధి హామీ కూలి అందులోనే పడాలి. పీఎం కిసాన్ సొమ్ము అందులోనే పడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో పడవలు ఒడ్డున ఉంటాయి. ఆ కాలానికి ఇచ్చే భృతిని ప్రభుత్వం 20 వేలకు పెంచి, 2025 ఏప్రిల్ 26న మన జిల్లాలోని బుడగట్లపాలెంలోనే పంపిణీ ప్రారంభించింది. ఖాళీగా ఉన్న ఆ రెండు నెలలలోనే చేతిలో ఫోన్ ఎక్కువసేపు ఉంటుంది. ఖాతాలో సొమ్ము పడేదీ అప్పుడే. టెక్కలి గ్రానైట్ క్వారీల కార్మికుడైనా, కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే మహిళ కొడుకైనా పరిస్థితి ఇంతే. ఇంట్లో మూత్రపిండాల రోగి ఉండి, మందులకూ ప్రయాణ ఖర్చులకూ ఆ ఖాతాలోని డబ్బే ఆధారమైతే ఒక నెల స్తంభన అంటే ఏమిటో ఈ ప్రాంతం వారికి వివరించనవసరం లేదు.

ఇదే వలలో మరో కొస కాంబోడియాలో కనిపించింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఉత్తరాంధ్ర యువకులను అక్కడికి తరలించి, సైబర్ మోసాలు చేయించిన వైనాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు వెల్లడించారు. క్యాసినోలకు పేరుపడిన సిహనూక్‌విల్ పట్టణం ఆ ఉదంతంలో ప్రధానంగా వినిపించింది. ఇక్కడ పోగేసిన పత్రాలు, ఖాతాలు ఇటువంటి కేంద్రాలకు పనిముట్లు.

‘తనిఖీ రుసుం’ అడిగితే అది దోపిడీయే

కొందరు నిర్వాహకులు పత్రాలతో ఆగరు. తనిఖీ పూర్తి కావాలంటే రెండు వేలు కట్టాలనీ, పన్ను ముందుగా చెల్లిస్తేనే గెలిచిన లక్ష విడుదలవుతుందనీ చెబుతారు. నిజమైన గుర్తింపు తనిఖీకి ఖాతాదారు నుంచి రుసుం వసూలు చేయడమనేది ఉండదు. గెలుపుపై పన్ను ఉంటే చెల్లించే సొమ్ములోంచి మినహాయిస్తారే తప్ప ముందుగా యూపీఐకి వేయమనరు. ఈ మాట వినిపించిన క్షణంలోనే ఆ లక్ష లేనట్టు లెక్క.

ఇప్పటికే పత్రాలు పంపినవారు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆధార్ నంబరు మారదు గానీ వేలిముద్రలు, కనుపాప వివరాలకు తాళం వేసుకునే సౌకర్యం ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో, యాప్‌లో ఉంది. సందేహాలకు 1947 నంబరు. మన పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుని, మనవి కానివాటిని తొలగించమని కోరవచ్చు. మన పేరిట ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకునేందుకు ప్రతి రుణ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. పాన్ నంబరుతో ఆ నివేదిక తీసుకుని, ఎన్నడూ ఎరుగని అప్పు కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేయాలి.

ఇకముందు ఎక్కడైనా ఆధార్ ప్రతి ఇవ్వక తప్పకపోతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ‘మాస్క్‌డ్ ఆధార్’ దిగుమతి చేసుకుని ఇవ్వవచ్చు. ఆ ప్రతిపై ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయడం మంచిది. కాశీబుగ్గలో ఏ జిరాక్స్ దుకాణం ముందు చూసినా వదిలేసిన ఆధార్ ప్రతులు కాళ్ల కింద పడుతుంటాయి. క్యాసినో వాడిని ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు!

సొమ్ము పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ జాతీయ పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. రాష్ట్ర చట్టంలో ఆడేవారికీ శిక్ష ఉందన్న భయంతో చాలామంది పోలీస్ స్టేషన్ మెట్లెక్కరు. ఆ వెనుకంజ మీదే నిర్వాహకుడి ధైర్యం నిలబడి ఉంది. ముందుగా న్యాయవాది సలహా కావాలనుకునే పేదలు న్యాయ సేవాధికార సంస్థ వారి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

బ్యాంకుకు గానీ, స్టేషన్‌కు గానీ వెళ్లేటప్పుడు డబ్బు వేసిన యూపీఐ పేర్లు, లావాదేవీ సంఖ్యలు, పంపిన పత్రాల జాబితా, పంపిన తేదీలు, అవతలివారితో జరిగిన సంభాషణల తెరచిత్రాలు తీసుకెళ్లాలి. యాప్ తీసేస్తే ఇవన్నీ పోతాయి గనుక, ఇంట్లో తెలిసిందన్న కంగారులో ముందుగా దానిని తీసేయకూడదు.